బంగాళాదుంపపై గుడ్డు: పార్సీల ఉదయపు వంటకం వెనుక ఉన్న లెక్క, జాగ్రత్త

ఉదయపు ఆహారంగా గుడ్డును, బంగాళాదుంపను కలిపి వండుకోవడం ప్రపంచంలో అనేక ప్రాంతాల్లో కనిపించే అలవాటు. మన దేశంలో ఈ జోడీకి ప్రత్యేకమైన రూపమిచ్చినవారు పార్సీలు. వారి ఇళ్లలో 'పపేటా పర్ ఈడు' అని పిలుచుకునే ఈ వంటకం పేరులోనే తయారీ విధానం ఇమిడి ఉంది. పార్సీలు మాట్లాడే గుజరాతీలో పపేటా అంటే బంగాళాదుంప, ఈడు అంటే గుడ్డు. దుంపలపై గుడ్డు అన్నదే ఆ పేరుకు అర్థం. ఖర్చు తక్కువ, సామగ్రి తక్కువ, ఒకే పాత్రలో అరగంటకు కాస్త అటూఇటూగా పూర్తవుతుంది. అయితే వండే క్రమం తప్పితే దుంప పచ్చిగా మిగులుతుంది, లేదా గుడ్డు రబ్బరులా బిగుసుకుపోతుంది. పచ్చిగుడ్డు భద్రతపై ఇటీవల చర్చ పెరిగిన నేపథ్యంలో ఈ క్రమాన్ని కారణాలతో సహా తెలుసుకోవడం అవసరం.

ఎక్కడి దుంప, ఎక్కడి వంట

ఇరాన్ నుంచి వలస వచ్చి గుజరాత్ తీరంలో స్థిరపడిన జొరాస్ట్రియన్ల వారసులే పార్సీలు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వారి సంఖ్య 57,264. అత్యధికులు ముంబయిలో నివసిస్తున్నారు. తెలుగు నేలతోనూ వారికి పాత అనుబంధం ఉంది. నిజాం పాలనాకాలంలో వ్యాపారం, వడ్డీ లావాదేవీలు, ప్రభుత్వ కొలువుల కోసం వచ్చిన పార్సీ కుటుంబాలు హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో స్థిరపడ్డాయి. సికింద్రాబాద్‌లో 19వ శతాబ్దంలో నిర్మించిన వారి అగ్ని ఆలయం నేటికీ ఉంది.

ఈ వంటకం మాత్రం ఇరాన్ నుంచి వచ్చినది కాదు. బంగాళాదుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం. పోర్చుగీసు వర్తకుల ద్వారా అది మన పశ్చిమ తీరానికి చేరింది. మరాఠీలో నేటికీ వాడుకలో ఉన్న 'బటాటా' అన్న మాట ఆ రాకకు గుర్తు. తెలుగులో బంగాళాదుంప అన్న పేరు బెంగాల్ దిశను సూచిస్తుంది. తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ అంటారు. కొత్తగా చేరిన దుంపను పార్సీలు తమకు ఇష్టమైన గుడ్డుతో కలుపుకున్నారు. బెండకాయ, టమాటా, సన్నని ఆలూ కరకరలు ఇలా దేనిపైనైనా గుడ్డు కొట్టి మూతపెట్టి ఉడికించడం వారి వంటింటి ప్రత్యేకత.

కావలసినవి

నలుగురికి సరిపడా: మధ్యస్థ పరిమాణంలోని బంగాళాదుంపలు 400 గ్రాములు, పెద్ద ఉల్లిపాయలు 2, గుడ్లు 4, నూనె 2 టేబుల్ స్పూన్లు, జీలకర్ర అర టీస్పూను, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక టీస్పూను, పచ్చిమిర్చి 2 లేదా 3, పసుపు పావు టీస్పూను, కొత్తిమీర గుప్పెడు, తగినంత ఉప్పు. అడుగు మందంగా, వెడల్పుగా ఉండి, మూత బిగుతుగా పట్టే బాణలి తప్పనిసరి.

దుంప ముందు, గుడ్డు తరువాత: ఎందుకు?

ఈ వంటకంలో కీలకమంతా ఉష్ణోగ్రతలోనే ఉంది. దుంపలోని పిండి పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ దాటాక నీటిని పీల్చుకొని ఉబ్బడం మొదలవుతుంది. కానీ దుంప నిజంగా మెత్తబడాలంటే కణాలను పట్టి ఉంచే పెక్టిన్ కరగాలి. అందుకు దాదాపు మరిగే నీటి వేడి కావాలి, అదీ పది నిమిషాలకు తగ్గకుండా. గుడ్డు స్వభావం ఇందుకు భిన్నం. తెల్లసొన 62 డిగ్రీల వద్ద చిక్కబడడం మొదలుపెడుతుంది. పచ్చసొన 65 నుంచి 70 డిగ్రీల మధ్య గడ్డకడుతుంది. అంతకు మించిన వేడిలో ఎక్కువసేపు ఉంచితే మాంసకృత్తులు మరింత బిగుసుకొని లోపలి నీటిని బయటకు నెట్టేస్తాయి. గుడ్డు సాగినట్టు, రబ్బరులా మారేది అప్పుడే.

అంటే ఒకదానికి ఎక్కువ వేడి, ఎక్కువ సమయం. మరొకదానికి తక్కువ వేడి, తక్కువ సమయం. రెంటినీ ఒకేసారి పొయ్యిమీద పెడితే ఏదో ఒకటి చెడక తప్పదు. దుంపను పూర్తిగా ఉడికించి, ఆపై సెగ తగ్గించి గుడ్డు వేయడం ద్వారా పార్సీ వంటకం ఈ చిక్కును తొలగిస్తుంది.

తయారీ విధానం

దుంపల చెక్కు తీసి 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందంతో చక్రాలుగా తరగాలి. ముక్కలన్నీ ఒకే మందంలో ఉంటేనే సమానంగా ఉడుకుతాయి. నూనె కాగాక జీలకర్ర చిటపటలాడించి, సన్నగా తరిగిన ఉల్లిపాయలను మధ్యస్థ సెగపై లేత బంగారు రంగు వచ్చేవరకు వేయించాలి. అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, పసుపు వేసి పచ్చివాసన పోయాక దుంప ముక్కలు, ఉప్పు చేర్చి మసాలా పట్టేలా కలపాలి.

తరువాత ముప్పావు కప్పు నీళ్లు పోసి, మూతపెట్టి, సన్నని సెగపై 10 నుంచి 12 నిమిషాలు మగ్గనివ్వాలి. మధ్యలో ఒకటి రెండుసార్లు ముక్కలు విరగకుండా కదపాలి. చాకు మొన ముక్కలోకి అడ్డులేకుండా దిగితే దుంప ఉడికినట్టు. అప్పటికి అడుగున కొద్దిగా తడి మిగిలి ఉండాలి. గుడ్డును పైనుంచి ఉడికించే ఆవిరి ఆ తడి నుంచే వస్తుంది. పూర్తిగా ఇగిరిపోతే రెండు మూడు చెంచాల వేడినీళ్లు చిలకరించాలి.

ఇప్పుడు కొత్తిమీర చల్లి, దుంపలను సమంగా పరచి, గరిటె వెనుకభాగంతో నాలుగు గుంటలు చేయాలి. ఒక్కో గుడ్డును ముందుగా చిన్న గిన్నెలోకి కొట్టి, వాసన, రంగు చూసుకొని గుంటలోకి జారవిడవాలి. ఈ చిన్న జాగ్రత్త వల్ల ఒక గుడ్డు పాడైనా వంటంతా పారబోయవలసిన అవసరం రాదు. గుడ్లపై చిటికెడు ఉప్పు, మిరియాల పొడి చల్లి, మూతపెట్టి, అతి సన్నని సెగపై 5 నుంచి 7 నిమిషాలు ఉంచాలి. పచ్చసొన పైభాగం పాలిపోయిన రంగులోకి మారి, వేలితో తాకితే గట్టిగా తగిలితే దించుకోవచ్చు. రొట్టె, చపాతీ, పావ్ ఏదైనా దీనికి తోడుగా బాగుంటుంది.

టమాటా వేయదలచినవారు దుంప ఉడికిన తరువాతే వేయాలి. పులుపు దుంప కణాల మధ్య ఉన్న పెక్టిన్‌ను కరగనివ్వదు. టమాటా లేదా చింతపండు రసం ముందే పడితే అరగంట ఉడికించినా ముక్కలు గట్టిగానే మిగులుతాయి.

దుంపల ఎంపిక

భారత్ ప్రపంచంలో చైనా తరువాత అత్యధికంగా బంగాళాదుంప పండించే దేశం. ఇక్కడి రకాలకు 'కుఫ్రి' అన్న పేరు ముందుంటుంది. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ తన రకాలకు ఆ సమీపంలోని కుఫ్రి ఊరి పేరు పెట్టింది. కుఫ్రి జ్యోతి, కుఫ్రి పుఖ్‌రాజ్ వంటివి మార్కెట్లో విరివిగా దొరుకుతాయి. ఈ వంటకానికి పలుచని తొక్కతో, తేమ ఎక్కువగా ఉండే దుంపలు నప్పుతాయి. అవి ఉడికినా చక్రాల ఆకారం నిలుపుకుంటాయి. పిండి ఎక్కువగా ఉండే దుంపలు చిదిమి కూర చేయడానికి, వేపుళ్లకు మేలు.

ఆకుపచ్చగా మారిన దుంపల విషయంలో మాత్రం ఉదాసీనత తగదు. వెలుతురు తగిలినప్పుడు తొక్క కింద పచ్చదనంతో పాటు సొలనిన్ వంటి చేదు విషపదార్థాలూ పెరుగుతాయి. ఉడికించినంత మాత్రాన అవి నశించవు. కొద్దిపాటి పచ్చదనం ఉంటే ఆ భాగాన్ని, మొలకలను లోతుగా కోసి తీసివేయాలి. దుంపలో ఎక్కువ భాగం పచ్చబడినా, రుచి చేదుగా ఉన్నా పారవేయడమే క్షేమం. దుంపలను చీకటిగా, గాలి తగిలే చోట నిల్వ చేయాలి. ఫ్రిజ్‌లో ఉంచితే పిండి కొంత చక్కెరగా మారి తియ్యదనం వస్తుంది, వేయించినప్పుడు త్వరగా నల్లబడతాయి.

సగం ఉడికిన గుడ్డుతో ముప్పు

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. అగ్రస్థానాల్లో తమిళనాడు, తెలంగాణ కూడా ఉన్నాయి. తెలుగు ఇళ్లలో గుడ్డు దాదాపు నిత్యావసర సరుకు. అందుకే దాని భద్రత ప్రతి ఇంటికీ సంబంధించిన విషయం. పచ్చిగుడ్డుతో తయారైన మయోనైజ్‌పై తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధం విధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు సైతం అదే బాట పట్టింది. గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశమే ఇందుకు ప్రధాన కారణం. అది పెంకుపైనే కాక, కొన్నిసార్లు లోపల కూడా ఉండవచ్చు. కంటికి కనిపించదు, వాసనకు తెలియదు.

దీనికి విరుగుడు సరిపడా వేడి మాత్రమే. గుడ్డు కలిసిన వంటకాల లోపలి ఉష్ణోగ్రత 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలన్నది అమెరికా వ్యవసాయ శాఖ సూచన. ఇంట్లో ఉష్ణమాపకం లేకపోయినా, తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడ్డాయా లేదా అన్నది చూసుకుంటే చాలు. పచ్చసొన జారుడుగా ఉంటేనే రుచి అని భావించేవారున్నారు. అయితే పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి అలాంటి గుడ్డు పెట్టకపోవడమే మంచిది.

గుడ్లను కొన్న వెంటనే కడిగి నిల్వ చేయడం కూడా సరికాదు. పెంకుపై ఉండే సహజమైన పొర సూక్ష్మ రంధ్రాలను కాపాడుతుంది. కడిగితే ఆ రక్షణ పోతుంది. కడగదలచుకుంటే వాడే ముందు కడిగి, తుడిచి వాడుకోవాలి. పచ్చిగుడ్డు తాకిన చేతులను, గిన్నెను సబ్బుతో కడగాలి. మిగిలిన వంటకాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మన వేసవి ఎండల్లో గంటకు మించి బయట ఉంచకూడదు.

పోషకాల లెక్క

పై కొలతల ప్రకారం ఒక్కొక్కరికి 100 గ్రాముల దుంప, ఒక గుడ్డు, అర టేబుల్ స్పూను నూనె వస్తాయి. అంటే సుమారు 220 నుంచి 230 కేలరీలు, 8 గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు. అందులో 6 గ్రాములు గుడ్డు నుంచి, సుమారు 2 గ్రాములు దుంప నుంచి లభిస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి ప్రమాణాల ప్రకారం రోజుకు పురుషుడికి 54 గ్రాములు, స్త్రీకి 46 గ్రాముల మాంసకృత్తులు అవసరం. ఆ లెక్కన ఈ పళ్లెం అందులో ఆరో వంతు వరకు సమకూరుస్తుంది. శ్రమచేసేవారు, ఎదిగే పిల్లలు రెండో గుడ్డు చేర్చుకుంటే మొత్తం 14 గ్రాములు దాటుతుంది.

ఈ జోడీకి మరో విశేషం ఉంది. 1960ల దశకంలో జర్మనీలోని డార్ట్‌మండ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన పోషకాహార పరిశోధకులు గుడ్డు, బంగాళాదుంప మాంసకృత్తుల మిశ్రమాన్ని పరీక్షించారు. మూడింట ఒక వంతు గుడ్డు నుంచి, రెండు వంతులు దుంప నుంచి వచ్చే మాంసకృత్తులు కలిసినప్పుడు, వాటిని శరీరం వినియోగించుకునే సామర్థ్యం గుడ్డు ఒక్కదానికంటే మెరుగ్గా ఉన్నట్లు వారు గుర్తించారు. ఆ నిష్పత్తి కోసం ఒక గుడ్డుకు దాదాపు 600 గ్రాముల దుంప తినవలసి వస్తుంది కనుక, అది ఇంట్లో పాటించే కొలత కాదు. ఒకదానిలో కొరవడిన అమైనో ఆమ్లాలను మరొకటి భర్తీ చేస్తుందన్న సూత్రమే మనం గ్రహించవలసింది. పప్పు, అన్నం కలిపి తినడంలో ఉన్న సూత్రమూ ఇదే.

బంగాళాదుంపలో ప్రధానంగా ఉండేది పిండి పదార్థమే కాబట్టి మధుమేహం ఉన్నవారు దుంప పాళ్లు తగ్గించి, పాలకూర లేదా బెండకాయ చేర్చుకోవచ్చు. దుంప తిన్నాం కదా అని కూరగాయల కోటా పూర్తయినట్టు భావించరాదు. పక్కన కీరదోస ముక్కలో, ఒక పండో ఉంటే ఉదయపు భోజనం సమతులమవుతుంది.

దుంప పూర్తిగా ఉడకాలి, అడుగున తడి మిగలాలి, గుడ్డు గట్టిపడాలి. ఈ మూడింటిని గుర్తుంచుకుంటే, కొత్తగా వంట నేర్చుకుంటున్నవారు సైతం తొలి ప్రయత్నంలోనే ఈ వంటకాన్ని రుచిగా, సురక్షితంగా వడ్డించగలరు.