పాలు పడనివారి ఆహారం: లాక్టోజ్ అసహనం – నిర్వహణ మార్గాలు

1. ఉపోద్ఘాతం:

“పాలు పడవు” అన్నది తెలుగిళ్లలో తరచు వినబడే మాట. ఈ ఒక్క మాట రెండు వేర్వేరు స్థితులను సూచిస్తుంది. పాలలోని మాంసకృత్తులపై శరీర రక్షణవ్యవస్థ చూపే ప్రతిచర్య అలర్జీ. అందులో పాలపదార్థాలను పూర్తిగా మానవలసి ఉంటుంది. పాలచక్కెర అయిన లాక్టోజ్ జీర్ణం కాకపోవడం అసహనం. అందులో మోతాదును సరిచూసుకుంటే సాధారణంగా సరిపోతుంది. ఈ భేదం తెలియక పాలను, పెరుగును కూడా మానివేసి కాల్షియం కోల్పోయేవారున్నారు.

2. కారణం:

చిన్నపేగులోని లాక్టేజ్ అనే ఎంజైము లాక్టోజ్‌ను గ్లూకోజ్, గెలాక్టోజ్‌లుగా విడగొడుతుంది. శైశవం దాటాక చాలామందిలో ఇది క్రమంగా తగ్గుతుంది. జీర్ణం కాని చక్కెర పెద్దపేగును చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి కడుపుబ్బరం, నొప్పి, విరేచనాలు కలిగిస్తుంది. అల్వాల్‌కు కొద్ది దూరంలో, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వినోదిని రెడ్డి 1972లోనే భారతీయులలో లాక్టేజ్ లోపంపై సహపరిశోధకునితో కలిసి వ్యాసం ప్రచురించారు. పెద్దయ్యాక కూడా లాక్టేజ్‌ను నిలిపి ఉంచే జన్యుమార్పు మనదేశంలో వాయవ్యాన ఎక్కువగా, ఆగ్నేయానికి వచ్చేకొద్దీ తక్కువగా ఉన్నట్లు సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2012 నాటి అధ్యయనం చూపింది. కనుక తెలుగువారిలో ఇది అసహజం కాదు.

3. నిర్వహణ:

తగ్గిన లాక్టేజ్‌ను శాశ్వతంగా పెంచే మందు లేదు. అయితే చాలామంది ఒక్కసారికి 12 గ్రాముల లాక్టోజ్‌ను, అనగా దాదాపు 250 మిల్లీలీటర్ల పాలను, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకోగలరు. పరగడుపున కాక భోజనంతో, కొద్దికొద్దిగా తీసుకోవడం మేలు. తోడులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత భాగాన్ని ముందే విడగొడుతుంది; మిగిలినదానిని అరిగించడంలోనూ తోడ్పడుతుంది. అందుచేత పాలు పడనివారికి పెరుగు, మజ్జిగ తరచు పడతాయి. నేతిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. కోవాలో, పాలపొడిలో అధికం. అవసరమైతే లాక్టేజ్ మాత్రలను పాలపదార్థాలతోపాటు వాడవచ్చు.

4. జాగ్రత్తలు:

పాలు తగ్గించినవారు రాగులు, నువ్వులు, ఆకుకూరలు, ముళ్లతో తినే చిన్న చేపలు తీసుకోవాలి. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. విరేచనాల తరువాత పసిపిల్లలలో కలిగే అసహనం సాధారణంగా తాత్కాలికం. ఆ కారణంగా తల్లిపాలు మాన్పించరాదు. మలంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం కనిపిస్తే వైద్యపరీక్ష తప్పనిసరి.

5. ముగింపు:

లాక్టోజ్ అసహనానికి పాలను పూర్తిగా వదలడం పరిష్కారం కాదు. ఎవరికి ఎంత పడుతుందో గుర్తించి, ఆ మేరకు పాలను తగ్గించి, తగ్గిన పోషకాలను ఇతర ఆహారంతో భర్తీ చేసుకోవడమే సరైన మార్గం. భోజనాన్ని పెరుగన్నంతోనో మజ్జిగన్నంతోనో ముగించే మన అలవాటు అందుకు అనువైనదే.