రొయ్యలు, దోరమామిడి: వేసవికొక సలాడు

వైశాఖమాసపు మధ్యాహ్నమున పొయ్యి దగ్గర గంటసేపు నిలువవలెనన్న ఎవరికిని మనసొప్పదు. పొయ్యి పని పది నిమిషములలో ముగియు వంటకము నొకదానిని ఇచట వివరింపదలచితిమి. ఇది రొయ్యలతోను పండ్లతోను చేయు సలాడు. పేరు పరదేశపుదే గాని రుచి మనకు క్రొత్త కాదు. కోస్తా జిల్లాలలో రొయ్యలలో మామిడికాయ వేసి కూర వండుట అందరెరిగినదే. అందు ఉడికించు పులుపును ఇందు పచ్చిగా కలుపుదుము, భేదమింతే.

నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతముల వారికి పండ్లకు కొదువ లేదు. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టు ఒకప్పుడు నగరమునకు పేరుపడిన పండ్ల బజారు. టోకు వ్యాపారము అచటినుండి తరలిపోయినను, చుట్టుపట్ల వీధులలో మామిడిపండ్ల బండ్లు వేసవి పొడవునను కనబడును.

చిక్కంతయు రొయ్యలతోనే. మచిలీపట్నపు తీరము మనకు సుమారు 340 కిలోమీటర్లు. నేడు బజారునకు వచ్చు రొయ్యలలో పెక్కు సముద్రమునుండి గాక చెరువులనుండి వచ్చును. 2009 తరువాత వ్యాపించిన వన్నామీ జాతి వానిలో ముఖ్యము. ఎచటివైనను మంచులోనే ప్రయాణము చేయవలెను. కనుక అంగడిలో మొదట చూడవలసినది రొయ్యను కాదు, దాని చుట్టునున్న మంచును. మంచు కరిగి నీళ్లలో తేలుచున్నవి, మెత్తబడినవి, ఘాటైన వాసన గలవి ఎంత చౌకయైనను వలదు. మిగిలిన సరుకులన్నియు కొన్న పిమ్మట రొయ్యలు కొని, మంచుతో కట్టించుకొని, తిన్నగా ఇల్లు చేరవలెను. 40 డిగ్రీల ఎండలో దారిలో కబుర్లకు నిలుచుట ప్రమాదము.

నలుగురికి అరకిలో రొయ్యలు చాలును. తలలు తీసి, పొట్టు ఒలిచి, వీపున నున్న నల్లని నరము లాగి, కడిగి, ఉప్పు వేసిన మరుగునీటిలో రెండు మూడు నిమిషములు ఉడికింపవలెను. రొయ్యలో ఎఱ్ఱని రంగు ముందే కలదు. ఒక ప్రోటీను దానిని పట్టియుంచుటచే కనబడదు. వేడికి ఆ పట్టు విడి రంగు బయటపడును. అయినను రంగును మాత్రమే నమ్మరాదు. అన్నిటికంటె పెద్దదానిని మధ్యకు కోసి, లోపల గాజువలె లేక తెల్లబడినదని చూచి దింపవలెను. అంతకు మించి ఉడికించినచో రబ్బరే.

పెరూ దేశమున పచ్చిచేపను నిమ్మరసములో నానబెట్టి సెవిచే యను వంటకము చేయుదురు. నిమ్మపులుపు మాంసమును తెల్లబరచును గాని, రోగము కలిగించు సూక్ష్మజీవులను చంపుటకు దానిని నమ్ముకొనరాదు. సముద్రమునకు ఇంత దూరమున, ఈ ఎండలలో, ఆ పద్ధతి మనకు బొత్తిగా తగదు.

ఉడికిన రొయ్యలను వెడల్పు పళ్లెములో పరచి, ఆవిరి పోగానే మూతపెట్టి ఫ్రిజ్జులో అరగంట ఉంచవలెను. చల్లబరచుటకు బజారు మంచు కలుపరాదు. అది చేపలకే గాని నోటికి కాదు.

మామిడి దోరగా ఉండవలెను. బాగుగా పండినది కలుపునప్పుడు చిదికిపోవును. తోతాపురి కాయ గట్టిగాను, కొంచెము పుల్లగాను ఉండి దీనికి చక్కగా కుదురును. కొందరు అనాసపండు వేయుదురు. పచ్చి అనాసలో మాంసమును కరగించు గుణము గల బ్రోమెలిన్ అను పదార్థము కలదు. ముందుగా కలిపియుంచినచో రొయ్య పిండివలె మెత్తబడును. పచ్చి బొప్పాయికిని ఈ గుణము కలదు. మా మాటగా చెప్పవలెనన్న, ఇంటిముందు మామిడి ఉండగా అనాస దేనికి?

మామిడి, ఒక కీరదోస, సగము ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ సన్నగా తరిగి, కొత్తిమీర, పుదీనా, చెంచా నువ్వులనూనె, ఒక నిమ్మకాయ రసము, మిరియాల పొడి చేర్చి చల్లని రొయ్యలతో కలుపవలెను. ఉప్పు మాత్రము వడ్డనకు ముందే. తొందరపడినచో కీర నీరు విడిచి అంతయు పలుచబడును. కలిపినదానిని వెంటనే తినవలెను. గంటకు పైగా వేడిలో ఉండిపోయినది ఎంత రుచిగానున్నను పారవేయవలసినదే.

రొయ్యలు తిన్నచో దద్దుర్లు వచ్చువారు ఇంట నున్నచో, రొయ్యలు తాకని గిన్నెలో వారి భాగము వేరుగా తీసి, వేయించిన వేరుశనగపప్పు కలుపవచ్చును. మాలో ఒకరిద్దరికి ఈ రెండవదియే ఎక్కువ నచ్చినది.