2 జీబీ లిమిట్ దాటకుండా పెద్ద ఫైల్స్ బ్యాకప్: చిన్న స్క్రిప్ట్‌తో ఇలా

ఫోన్ నిండిపోతే వీడియోల్ని ఒరిజినల్ క్వాలిటీలో దాచుకోవడానికి చాలామంది టెలిగ్రామ్ సేవ్డ్ మెసేజెస్ వాడుతుంటారు. ఫ్రీ అకౌంట్‌లో ఒక్కో ఫైల్‌కి లిమిట్ 2 జీబీ. అందుకే ఫోల్డర్ మొత్తాన్ని ఒకే ఆర్కైవ్ చేసి, 7-జిప్‌తో ముక్కలు చేస్తారు. నేను మాత్రం అలా చేయను. ఆ ముక్కల్లో ఒక్కటి పోయినా ఆర్కైవ్ పూర్తిగా ఓపెన్ కాదు.

దానికి బదులు ఫైల్స్‌ని గ్రూపులు చేసి, ఒక్కో గ్రూపుని విడి ఆర్కైవ్‌గా పెడతాను. ఒకటి పాడైతే అందులోవే పోతాయి, మిగతావి సేఫ్.

స్క్రిప్ట్ ఏం చేస్తుంది?

ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్, అందులో పైథాన్ ఉంటే చాలు. పీసీ అక్కర్లేదు.

1. ప్రతి ఫైల్ సైజుని బైట్లలో చూస్తుంది.
2. పెద్దవి ముందు, చిన్నవి తర్వాత వచ్చేలా వరుస పెడుతుంది.
3. ఒక్కో ఫైల్‌ని, ఖాళీ సరిపోయే మొదటి గ్రూపులో వేస్తుంది. ఎక్కడా పట్టకపోతే కొత్త గ్రూపు మొదలుపెడుతుంది.

దీని పేరు ఫస్ట్ ఫిట్ డిక్రీజింగ్. బస్సు డిక్కీలో ముందు సూట్‌కేసులు పెట్టి, సందుల్లో చిన్న బ్యాగులు సర్దుతాం కదా, అదే లాజిక్.

తేడా ఎంత?

లిమిట్ 1950 ఎంబీ పెట్టాం అనుకుందాం. హెడర్లకి కొంచెం చోటు వదలాలి కాబట్టి 2 జీబీ నిండా పెట్టకూడదు. ఫైల్స్ సైజులు తేదీ వరుసలో 950, 1150, 600, 1300, 350, 800, 650 ఎంబీ. ఇదే వరుసలో నింపుకుంటూ పోతే 4 ఆర్కైవ్‌లు అవుతాయి. పెద్దవి ముందు వేస్తే 3 చాలు: 1300+650, 1150+800, 950+600+350. ప్రతిసారీ బెస్ట్ రిజల్ట్ వస్తుందని గ్యారంటీ లేదు గానీ, మన పనికి ఇది సరిపోతుంది.

ఇవి మర్చిపోవద్దు

• వీడియోలు, ఫొటోలు ముందే కంప్రెస్ అయి ఉంటాయి. మళ్లీ కంప్రెస్ చేస్తే టైమ్, బ్యాటరీ వేస్ట్. ఉత్త టార్ చాలు.
• లిమిట్ కంటే పెద్ద ఫైల్ తగిలితే స్క్రిప్ట్ దాన్ని పక్కన పెట్టి చెప్పాలి. ముక్కలు చేయాల్సింది దాన్ని ఒక్కదాన్నే.
• ఫోన్‌లో చోటు తక్కువైతే ఒక ఆర్కైవ్ చేసి, అప్‌లోడ్ చేసి, ఆ ఆర్కైవ్‌ని తీసేసి తర్వాతది మొదలుపెట్టండి.
• ఏ ఫైల్ ఏ ఆర్కైవ్‌లో ఉందో లిస్ట్ రాయించండి. లేకపోతే ఒక్క వీడియో కోసం అన్నీ డౌన్‌లోడ్ చేయాలి.
• మామూలు టెలిగ్రామ్ చాట్లకి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉండదు. ప్రైవేట్ ఫైల్స్‌కి పాస్‌వర్డ్ తప్పనిసరి.

చివరగా, ఆర్కైవ్‌ని తిరిగి డౌన్‌లోడ్ చేసి, షా-256 హ్యాష్ ముందుదానితో కలిసిందో లేదో చూడండి. హార్డ్ డిస్క్‌లో ఇంకో కాపీ పెట్టాకే ఫోన్‌లోవి డిలీట్ చేయండి.