మీకు తెలుసా? బాండు లేకున్నా పాలసీ ఉండొచ్చు

పాలసీదారు చనిపోయిన సంగతి బీమా కంపెనీకి తనంతట తాను తెలియదు. ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి. చెప్పకపోతే కంపెనీ లెక్కలో ఆయన బతికే ఉన్నట్టు, ప్రీమియం కట్టడం మాత్రం మానేసినట్టు. ఒకటో రెండో నోటీసులు పాత అడ్రసుకు పోతాయి. ఆ తర్వాత పాలసీ ల్యాప్స్ అయిందని రాసుకుంటారు. ఇంట్లోవాళ్లేమో బాండు దొరకలేదు కాబట్టి పాలసీయే లేదనుకుంటారు.

అన్ని కంపెనీల పాలసీలనూ వారసులు ఒకేచోట వెతికి చూసుకునే పట్టిక మన దేశంలో లేదు. పాలసీలకు పాన్ నంబర్లు అడుగుతున్న రోజుల్లో కూడా ఇది లేకపోవడం వింతే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే, గచ్చిబౌలి వైపు ఉంది. ఎవరూ తీసుకోని సొమ్ము వెయ్యి రూపాయలు, ఆపైన ఉంటే ప్రతి కంపెనీ తన వెబ్‌సైటులో వెతుక్కునే వీలు కల్పించాలని ఆ సంస్థ నిబంధన. దాని బీమా భరోసా పోర్టల్ నుంచి కూడా ఆయా కంపెనీల పేజీలకు వెళ్లొచ్చు. అయితే ఇక్కడో మెలిక ఉంది. ఆ జాబితాలో కనిపించేది తాను ఇవ్వాల్సి ఉందని కంపెనీకి తెలిసిన సొమ్మే. మెచ్యూరిటీ దాటినా అడగనిది, పంపితే తిరిగొచ్చినది అందులో ఉంటాయి. ఎవరూ చెప్పని మరణం తాలూకు డబ్బు అందులో ఎలా ఉంటుంది? కాబట్టి వివరాలు లేవని తెర మీద కనబడగానే వదిలేయొద్దు. మరణ ధ్రువపత్రం పట్టుకుని బ్రాంచికి వెళ్లి, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఇచ్చి వెతికించండి.

పేరంటే ఏ పేరు? తెలుగువాళ్లకు ఇదే అసలు తంటా. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా. సుబ్బారావు ఇంగ్లిషులో ఒక మాట అవుతాడు, రెండు మాటలూ అవుతాడు. ఆడవాళ్ల పాత పాలసీ పుట్టింటి ఇంటిపేరుతో ఉండొచ్చు. పుట్టిన తేదీ సంగతి మరీను. బడిలో వేయించింది ఒకటి, జాతకంలో ఉన్నది ఇంకొకటి. వయసుకు సరైన రుజువు లేనివాళ్ల దగ్గర జాతకాన్నీ, పెద్దల వాంగ్మూలాన్నీ ఎల్‌ఐసీ ఒప్పుకున్న కాలం ఉంది. అందుకని రెండు తేదీలతోనూ వెతికించాలి.

బీరువా సోదా చేసేకంటే ముందు పాస్‌బుక్ వేయించండి. ప్రీమియం ఖాతాలోంచి పోయి ఉంటే ఆ వరుస అక్కడ ఉంటుంది. చిన్న అంకెల్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఏటా మే నెలాఖరు ప్రాంతంలో 436 రూపాయలు పోయాయంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. 20 రూపాయలు పోయాయంటే సురక్షా బీమా. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. 2022కు ముందు ఈ అంకెలు 330, 12. వీటికి ఇంట్లో దాచుకునే బాండేమీ ఉండదు, బ్యాంకులో సంతకం పెట్టిన ఫారమే. ఆ సంతకం పెట్టిన సంగతి పెట్టినవాళ్లకే గుర్తుండదు. క్లెయిమ్ అడగాల్సింది ఆ బ్యాంకు శాఖలోనే.

అసలు ప్రీమియమే కట్టని బీమాలూ ఉన్నాయి. పీఎఫ్ ఉన్న ఉద్యోగి ఉద్యోగంలో ఉండగా చనిపోతే ఈడీఎల్‌ఐ కింద గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. దానికి చందా యజమాని కట్టేదే, జీతంలో కోత కనపడదు. 2018 ఆగస్టులో తెలంగాణలో మొదలైన రైతు బీమా కూడా అలాంటిదే. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారుకు 5 లక్షలు, ప్రీమియం ప్రభుత్వం ఎల్‌ఐసీకి కడుతుంది. నామినీ కదలాల్సింది మండలంలో వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరికి.

ప్రభుత్వోద్యోగులైతే పే స్లిప్పు చాలు. జీతంలోంచి కోసే రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా నిజాం హయాంలో 1907లో మొదలైంది. ఏపీజీఎల్‌ఐ అంటే ఏ పంతులుగారికైనా తెలుసు. పోస్టల్ జీవిత బీమా ఇంకా పాతది, 1884 నాటిది.

ఇల్లంతా గాలించినా దొరకని బాండు ఒక్కోసారి ఎల్‌ఐసీ దగ్గరే ఉంటుంది! పాలసీ మీద అప్పు తీసుకుంటే బాండు వాళ్లకు అప్పగించాలి మరి. బ్యాంకులో తాకట్టు పెడితే పాలసీని బ్యాంకు పేర అసైన్ చేస్తారు, బాండు అక్కడి ఫైల్లో ఉంటుంది. చనిపోయాక అప్పూ వడ్డీ మినహాయించుకుని మిగిలింది ఇస్తారు. పిల్ల పెళ్లికో, బోరు వేయడానికో చేసిన అప్పు ఇంట్లో అందరికీ చెప్పుకోరు కదా. కాబట్టి అప్పు కాగితాలు దొరికితే వాటిని ఓపిగ్గా చదవండి. ఇంటి లోనుతో పాటు అంటగట్టిన గ్రూపు బీమా ఉంటే అదీ వాటిలోనే బయటపడుతుంది.

‘అది ఎప్పుడో ల్యాప్స్ అయిందిలే’ అనే మాట నమ్మొద్దు. పాత ఎల్‌ఐసీ పాలసీల్లో మూడేళ్లు నిండా కట్టి ఆపేస్తే పాలసీ పెయిడప్ అవుతుంది. మొత్తం తగ్గినా, మరణించినప్పుడు ఇవ్వాల్సిందే. అంతకన్నా తక్కువమందికి తెలిసినది ఇంకొకటుంది. మూడేళ్లు కట్టాక, కట్టని మొదటి వాయిదా నుంచి ఆరు నెలల్లోపు మరణిస్తే, బకాయి పట్టుకుని పూర్తి సొమ్ము ఇచ్చే రాయితీ ఎల్‌ఐసీలో ఉండేది. అయిదేళ్లు కట్టి ఉంటే ఆ గడువు ఏడాది. మంచాన పడ్డ మనిషి చివరి నెలల్లో ప్రీమియం కట్టలేకపోవడం మామూలే. అలాంటి ఇళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

జీవన్ ఆనంద్ పాలసీ మెచ్యూరిటీ డబ్బులు తీసుకున్నాక కూడా చావదు. ఆ తర్వాత పాలసీదారు ఎప్పుడు మరణించినా బీమా మొత్తం మళ్లీ నామినీకి వస్తుంది. మెచ్యూరిటీ చెక్కు రాగానే ‘అయిపోయింది’ అనుకుని ఆ కాగితాలు చించేసినవాళ్లు ఎంతమందో!

గోడ మీద పాత క్యాలెండరు, అలమరలో డైరీ ఉన్నాయా? కింద ఏజెంటు పేరు, ఫోన్ నంబరు అచ్చేసి ఉంటాయి. మనూళ్లలో ఏజెంటంటే చాలాసార్లు దూరపు మేనమామో, పక్కవీధి మాస్టారి భార్యో. ప్రీమియం కట్టినప్పుడల్లా కమిషన్ వస్తుంది కాబట్టి పాలసీదారుల పట్టిక వాళ్ల దగ్గర భద్రంగానే ఉంటుంది. వాళ్లూ పోయి ఉంటే బ్రాంచిలో అడగండి.

పాలసీ జాడ తెలిశాక బాండు పోయిందన్నది పెద్ద అడ్డు కాదు. నష్టపూచీ పత్రం రాయించుకుని క్లెయిమ్ ఇస్తారు. ఆలస్యం అయిందన్న ఒక్క సాకుతో నిజమైన క్లెయిమ్‌ను తోసిపుచ్చవద్దని కంపెనీలకు ఐఆర్‌డీఏఐ 2011లోనే చెప్పింది. ఇక ‘మీ నాన్నగారి బోనస్ ఆగిపోయింది, ఫలానా ఖాతాలో పన్ను కడితే విడుదల చేస్తాం’ అని ఫోన్ వస్తే పెట్టేయండి. క్లెయిమ్ ఇవ్వడానికి ఏ కంపెనీ ముందుగా డబ్బు అడగదు.

పాలసీ అమెరికాలోని తెలుగువారిదైతే దారి వేరు. అక్కడి బీమా కమిషనర్ల జాతీయ సంఘం 2016 నుంచి ఉచితంగా వెతికే సదుపాయం నడుపుతోంది. మరణించినవారి వివరాలు ఇస్తే కంపెనీలు తమ రికార్డులు చూస్తాయి. పాలసీ ఉండి, అడిగినవారికి హక్కు ఉంటేనే జవాబు వస్తుంది. లేకపోతే ఉలుకూ పలుకూ ఉండదు.

ఇక్కడ పదేళ్లు ఎవరూ అడగని బీమా సొమ్ము కేంద్రం పెట్టిన వయోవృద్ధుల సంక్షేమ నిధికి వెళ్తుంది. అప్పటికీ మీ హక్కు పోదు, ఇంకో 25 ఏళ్ల దాకా అడగొచ్చు. దరఖాస్తు మాత్రం ఢిల్లీకి కాదు, పాత కంపెనీకే ఇవ్వాలి. నిధి నుంచి రాబట్టుకోవడం వాళ్ల పని.