కొండెక్కి ఊరిని చదువుదాం

జపాను రాజధాని టోక్యోకు వెళ్ళినవారు తప్పక చూసి వచ్చే వాటిలో టోక్యో టవర్ ఒకటి. టీవీ ప్రసారాల కోసం 1958లో కట్టిన ఈ ఉక్కు గోపురం ఎత్తు 333 మీటర్లు. ఇందులో 150 మీటర్ల ఎత్తున జనం నిలబడి ఊరంతా చూడడానికి ఒక అంతస్తు ఉంది. 2012లో తెరిచిన స్కైట్రీ ఎత్తు 634 మీటర్లు. దానిలో 350, 450 మీటర్ల దగ్గర ఇలాంటి అంతస్తులున్నాయి. ఈ రెండింటికీ టిక్కెట్టు కొనాలి. అయితే అదే టోక్యోలో నగర ప్రభుత్వ కార్యాలయ భవనం 45వ అంతస్తుకు ఎక్కి, 202 మీటర్ల ఎత్తు నుంచి ఎవరైనా ఉచితంగా నగరాన్ని చూడవచ్చు.

మనకు అలాంటి టవర్ లేదే అని చిన్నబుచ్చుకోనక్కరలేదు. విజయవాడ రైల్వే స్టేషన్ దగ్గరే గాంధీ కొండ ఉంది. దాని మీద సుమారు 500 అడుగుల ఎత్తున 52 అడుగుల గాంధీ స్మారక స్తూపం ఉంది. 1968 అక్టోబరు 6న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ దాన్ని ఆవిష్కరించారు. 500 అడుగులంటే దాదాపు 150 మీటర్లు. టోక్యో టవర్లో జనం నిలబడే అంతస్తు ఎత్తూ ఇంచుమించు అంతే!

ఎంత దూరం కనబడుతుంది?

భూమి గుండ్రంగా ఉండడం వల్ల మన చూపు ఒక హద్దు దాటి నేలను చూడలేదు. మనం పదవ తరగతిలో చదువుకునే స్పర్శరేఖ, పైథాగరస్ సిద్ధాంతం ఇక్కడ పనికొస్తాయి. సులువైన సూత్రం ఇది: ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణించాలి. వచ్చేది కిలోమీటర్లలో దూరం. 150కి వర్గమూలం సుమారు 12.25. గుణిస్తే దాదాపు 44 కి.మీ. స్కైట్రీ 450 మీటర్ల అంతస్తుకు లెక్క కడితే దాదాపు 76 కి.మీ. వస్తుంది. ఎత్తు మూడింతలైనా దూరం రెండింతలు కూడా కాలేదు, గమనించారా? మన 44 కి.మీ. హద్దులో గుంటూరు ఉంటుంది, బందరు సముద్రం ఉండదు. కొండలు, దుమ్ము, మంచు అడ్డొస్తే చూపు ఇంకా తగ్గుతుంది. వాన వెలిసిన పూట బాగా ఆనుతుంది.

ఏమి చూడాలి?

ముందు దక్షిణం వైపు చూడండి. ఇంద్రకీలాద్రికీ, అవతలి ఒడ్డున సీతానగరం కొండకూ నడుమ కృష్ణమ్మ ఒదిగి పారుతుంది. ఆనకట్టకు ఆ చోటునే ఎందుకు ఎంచుకున్నారో పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. కాటన్ దొర ప్రణాళికతో, కెప్టెన్ ఓర్ ఆధ్వర్యంలో 1852లో మొదలైన ఆనకట్ట 1855లో పూర్తయింది. అది 1952లో తెగిపోవడంతో, 1957 నాటికి ప్రకాశం బ్యారేజి కట్టారు. అక్కడి నుంచి ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ఊరి మధ్యగా సాగిపోతాయి. మనలో చాలామంది అమ్మానాన్నలు నాట్లు వేసే, కోతలు కోసే చేలకు నీళ్ళు వెళ్ళే దారి అదే. ఆగ్నేయంగా స్వరాజ్య మైదానంలో, 2024 జనవరి 19న ఆవిష్కరించిన డాక్టర్ అంబేద్కర్ విగ్రహం ఉంది. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం. ఉత్తరాన కనిపించే పల్లం సింగ్ నగర్, బుడమేరు ప్రాంతం.

ఎత్తున ఎవరు? పల్లంలో ఎవరు?

టోక్యో మేడల్లో పై అంతస్తుకు ధర ఎక్కువ. విజయవాడలో కొండ మీది ఇల్లు పేదవాడిది. కింద స్థలం కొనలేని కూలి జనం గుణదల, మొగల్రాజపురం, వన్ టౌన్ కొండవాలుల్లో ఇళ్ళు వేసుకున్నారు. బిందెడు నీళ్ళైనా, గ్యాసు బండైనా, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన మనిషైనా మెట్ల మీదుగానే. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు చనిపోయారు. ఆ వెంటనే బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. సెప్టెంబరు 2న బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి పోయింది. ఒకే వానకు పైన కొండ విరిగింది, కింద ఇల్లు మునిగింది. రెండు చోట్లా ఎక్కువగా నష్టపోయింది రెక్కల కష్టం మీద బతికేవారే. ఏ ఇల్లు ఎక్కడ ఉందో, నీరు ఎటు పోవాలో పై నుంచి చూసినవారికి ఇది ఉత్త దైవనిర్ణయం అనిపించదు.

మిత్రులారా! ఈసారి విజ్ఞాన యాత్ర అనుకున్నప్పుడు గాంధీ కొండను కూడా వార్డెన్ గారి ముందు పెట్టండి. తెరిచే వేళలు ముందుగా కనుక్కోండి. ఒక నగర పటం, దిక్సూచి, నోటుబుక్కు పట్టుకెళ్ళండి. నది, కాలువలు, కొండ ఇళ్ళు, పల్లపు పేటలు గుర్తించి గీయండి. రేపు మీలో ఒకరు ఇంజనీరో, తహసీల్దారో అయి ఇళ్ళ స్థలాల ఫైలు మీద సంతకం చేసే రోజు వస్తే, ఆ పటం అక్కరకొస్తుంది.