నెత్తిమీద నిప్పురవ్వలు... చేతిలో ఓర్పు

ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకునే పిల్లలు మీ ఇంట్లో ఉన్నారా? అయితే ఈ నాలుగు మాటలూ మీ కోసమే. ఎనిమిదో తరగతి పాసయినవాళ్ళు చేరి, ఏడాదిలో నేర్చుకునే విద్య ఇది. అమ్మాయిలూ చేరుతున్నారు. మొదట్లో హుషారుగానే వెళతారు. ఆ తర్వాత ఓవర్‌హెడ్ వెల్డింగ్ అనే ఘట్టం వస్తుంది. అక్కడే కళ్ళనీళ్ళ పర్యంతమవుతుంది!

ఓవర్‌హెడ్ అంటే ఏమిటనుకున్నారు? అతకాల్సిన ఇనపప్లేటు నెత్తిమీద ఉంటుంది. కింద నిలబడి, చెయ్యి పైకెత్తి అతకాలి. ప్లేటుని బల్లమీద పడుకోబెట్టి చేసేది ఒకటో రకం. నిలబెట్టిన ప్లేటు మీద అడ్డంగా చేసేది రెండు, నిలువుగా చేసేది మూడు, నెత్తిమీద చేసేది నాలుగు. అందుకే దీన్ని 4జి, 4ఎఫ్ అంటారు. 'తిరగేసి కింద పెట్టుకుని చెయ్యొచ్చుగా' అని మనకి అనిపిస్తుంది. ఓడ అడుగునీ, వంతెన దూలాన్నీ తిరగేయగలమా చెప్పండి!

మా అమ్మాయి ఈ పాఠం దగ్గరే పది రోజులు చతికిలపడింది. రాడ్డు ప్లేటుకి అంటుకుపోవడం, కరిగిన ఇనుము చుక్కలుగా రాలడం, భుజం పీకడం. ఓ రాత్రి కంచం ముందు కూర్చుని "నా వల్ల కాదమ్మా, మానేస్తాను" అనేసింది. 'ఆడపిల్లకి ఇదేం చదువు' అన్న బంధువులు ఉండనే ఉన్నారు. ఇప్పుడు మానేస్తే వాళ్ళ మాటే నెగ్గినట్టు. అలాగని తిట్టి పంపితే పని వస్తుందా? ఎందుకు రావడం లేదో తెలియాలి. వాళ్ళ మాస్టారు చెప్పినవి దాని నోట వినీ వినీ నాకూ కాస్త వంటబట్టాయి.

కారణం తెలిస్తే సగం కష్టం తీరినట్టే

అన్నం ఉడికేటప్పుడు గిన్నె మూత తీసి చూడండి. లోపలివైపు ఆవిరి చుక్కలు అంటుకుని ఉంటాయి. చిన్న చుక్క పడదు. నాలుగు కలిసి పెద్దదయితే టప్పున పడుతుంది. ఇక్కడా అంతే. కరిగిన ఇనుము కొంచెంగా ఉంటే ప్లేటుని పట్టుకునే ఉండి, గట్టిపడుతుంది. వేడి ఎక్కువై మడుగు పెద్దదయిందా, కారిపోతుంది.

అందుకని బల్లమీద పనికన్నా కరెంటు కాస్త తగ్గించుకోవాలి. మరీ తగ్గిస్తే రాడ్డు అంటుకుపోతుంది. ఎంతనుంచి ఎంతవరకూ పెట్టొచ్చో రాడ్డు పెట్టె మీదే అచ్చువేసి ఉంటుంది. రాడ్డు కొసకీ ప్లేటుకీ మధ్య ఎడం రాడ్డు లావుని మించకూడదు. నిప్పురవ్వలకి భయపడి చెయ్యి దూరం జరిపితే చుక్కలు ఇంకా రాలతాయి. రాడ్డు మీద 6013, 7018 లాంటి అంకెలుంటాయి. మూడో అంకె 1 అయితే నెత్తిమీద పనికీ పనికొస్తుందని గుర్తు.

విసుగు తగ్గే మార్గాలు

* ముందు కరెంటు ఆపేసి, అతకాల్సిన గీత వెంట రెండు మూడుసార్లు చెయ్యి నడిపి చూసుకోవాలి.
* కేబుల్‌ని భుజం మీదుగా వేసుకుంటే చేతికి బరువు తగ్గుతుంది. ఒంటికి మాత్రం చుట్టుకోకూడదు. మోచెయ్యి దేనికైనా ఆనించుకుంటే వణకదు.
* నిప్పురవ్వలు నేరుగా మీద పడకుండా కాస్త పక్కకి నిలబడాలి.
* ఒకసారికి ఒక్కటే మార్చాలి. కరెంటూ, ఎడమూ, వేగమూ అన్నీ ఒకేసారి మారిస్తే ఏది కుదిరిందో తెలియదు.
* ప్రతి ప్లేటు వెనకా తేదీ, కరెంటు ఎంతో సుద్దముక్కతో రాసి దాచుకోవాలి.

ఈ చివరిదే మా అమ్మాయిని నిలబెట్టింది. మొదటి ప్లేటునీ పన్నెండోదాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుందిట. మొదటిదాని మీద పిడకలు కొట్టినట్టు ముద్దలు. పన్నెండోది నున్నగా లేదు గానీ, కారిన చుక్క ఒక్కటే! "రేపూ వెళ్తాలే" అంది. మూడో వారానికి మాస్టారు సరే అన్నారు.

మనం చెయ్యాల్సింది

వర్క్‌షాపుకి నూలు బట్టలే వెయ్యండి. నైలాన్, టెర్లిన్ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. కాలర్ గుండీ ఊడితే వెంటనే కుట్టండి. పాంటు అంచు మడతపెట్టి ఉంటే విప్పెయ్యండి, నిప్పురవ్వలు అందులోనే పడతాయి. తోలు గ్లౌజులు, ఆప్రాన్, తలకి టోపీ తప్పనిసరి. ముఖానికి పెట్టుకునే అద్దం 10 లేదా 11 నంబరుది ఉండాలి. అద్దం లేకుండా ఆ వెలుగు చూస్తే కొన్ని గంటల తర్వాత, ఏ రాత్రివేళకో, కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. చనుబాలు, ఆకు పసర్లు పొయ్యకండి. శుభ్రమైన తడిగుడ్డ మూసిన కళ్ళమీద వేసి, డాక్టరుకి చూపించండి.

పిల్లలు ఇంటికి రాగానే 'వచ్చిందా, రాలేదా' అని అడక్కండి. 'నిన్నటికన్నా ఏం మారింది?' అని అడిగి చూడండి. ఆ జవాబు కోసం వాళ్ళు తమ ప్లేటుని తామే పరీక్షగా చూసుకుంటారు. ఒక్క చుక్క తక్కువ కారిందని తెలిసిన రోజున, మర్నాడు మనం చెప్పకుండానే వర్క్‌షాపుకి బయల్దేరతారు.