గాజుతొట్టిలో సొరచేప

సొరచేప యనగానే మన మనస్సునకు తోచునది నడిసముద్రమున వేటాడు భీకరజంతువు. కాని ఇంతవరకు గుర్తింపబడిన 500కు పైబడిన సొరజాతులలో మనుష్యునకు హాని చేయునవి చాల కొద్ది. పెక్కు జాతులు బారెడు పొడవునకు మించి పెరుగవు. కరిబియన్ సముద్రమున ఒక జాతి పూర్తిగా ఎదిగినను జానెడు మాత్రమే ఉండును. అట్టి చిన్న సొరను ఇంటిలో ఉప్పునీటి తొట్టిలో పెంచవచ్చునా? వచ్చుననియే అమ్మువారు చెప్పుదురు. అలంకారపు చేపల దుకాణములలో సొరపిల్లలు మాత్రమే గాక, ఇంకను పొదుగని గ్రుడ్లు కూడ అమ్ముడుపోవుచున్నవి. వారి మాట అసత్యము కాదు, కాని అర్ధసత్యము. తక్కిన సగము తెలియవలెనన్న జీవశాస్త్రముతోబాటు కొంత రసాయనశాస్త్రము, కొంత భౌతికశాస్త్రము కూడ కావలెను.

మొదట విచారింపవలసినది పరిమాణము కాదు, ఊపిరి. పైని చెప్పిన జానెడు సొర కొన్ని వందల మీటర్ల లోతున, చీకటిలో, చల్లని నీటిలో బ్రతుకునది. అది ఎంత చిన్నదైనను తొట్టికి పనికిరాదు. ఇక పెద్ద సొరలలో అనేకము ఎడతెగక ఈదుచుండవలెను. నోరు కొంచెము తెరచి ముందుకు సాగినప్పుడే నీరు మొప్పల మీదుగా ప్రవహించును. ఆగినచో ఊపిరియు ఆగును. గొప్ప తెల్లసొరను బంధించి ఉంచుటకు జరిగిన ప్రయత్నములు చాలకాలము విఫలములే అయినవి. కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియమువారు 2004లో ఒక పిల్లసొరను పదిలక్షల గాలన్ల తొట్టిలో 198 దినములు పోషించి, 2005 మార్చిలో తిరిగి సముద్రమున విడిచిరి. ఆనాటికి అదియే గొప్ప విజయము.

ఇందుకు భిన్నముగా, సముద్రపు అడుగున పరుండి విశ్రమించు సొరలు కలవు. ఇవి నోటి కండరములతో నీటిని పీల్చి మొప్పలగుండా నెట్టుకొనగలవు. కదలకున్నను వీనికి ఊపిరి ఆడును. ఇంటి తొట్టికి తగినవి ఇట్టివే. వీనిలో ప్రసిద్ధమైనది ఆంగ్లమున బాంబూ షార్క్ అని పేరొందినది. దానిని మనము వెదురుసొర యందము. శాస్త్రనామము కైలోసిల్లియం పంక్టేటమ్. భారతదేశపు తూర్పుతీరము మొదలు ఇండొనేషియా మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా, జపాను వరకు ఇది లభించును. పిల్లకు తెల్లని ఒంటిమీద నల్లని అడ్డుపట్టీలు ఉండును. పెద్దదగుకొలది పట్టీలు మాసి ఒళ్లంతయు గోధుమరంగు నొందును. దీని దగ్గరి బంధువైన ఆస్ట్రేలియా భుజకీర్తి సొర మరింత విచిత్రమైనది. ఆటుపోటులలో నీరు తీసినప్పుడు పగడపు దిబ్బల మధ్య గుంటలలో చిక్కుకొని, ఆమ్లజని మిక్కిలి తగ్గిన నీటిలో కూడ గంటల తరబడి బ్రతుకును. అవసరమైనచో వాజములనే కాళ్లుగా చేసికొని గుంటనుండి గుంటకు నడచిపోవును. ఇరుకు చోటున ఓర్చుకొనుట ఈ కుటుంబమునకు పుట్టుకతో వచ్చిన గుణము.

ఓర్పు ఉన్నది గదా యని నీటివిషయమున అశ్రద్ధ చేయరాదు. సొర దేహములోని రసాయనము తక్కిన చేపలకంటె వేరు. సముద్రపు ఎముకచేపల రక్తము సముద్రజలము కంటె పలుచన. ద్రవాభిసరణము వలన వాని ఒంటినుండి నీరు నిత్యము బయటికి పోవుచుండును. అవి సముద్రపు నీటినే త్రాగి, అధికమైన ఉప్పును మొప్పలద్వారా విసర్జించి బ్రతుకును. సొర ఈ చిక్కును మరొక ఉపాయముతో దాటినది. మనము మూత్రమున విసర్జించు యూరియాను అది రక్తమున నిలువచేసికొనును. ఆరోగ్యవంతుడైన మనుష్యుని రక్తమున 100 మిల్లీలీటర్లకు 20 నుండి 40 మిల్లీగ్రాముల యూరియా ఉండగా, సొర రక్తమున అది సుమారు 2 గ్రాములు. అందులో పదవవంతు ఉన్నను మనుష్యుని వెంటనే ఆసుపత్రికి చేర్పవలసి వచ్చును. ఈ యూరియా వలన సొర రక్తము సముద్రజలము కంటె రవంత చిక్కనగును. నీరు బయటికి పోవుటకు మారుగా కొద్దికొద్దిగా లోపలికే వచ్చును. ఈ విషయమును 1930ల దశకమున అమెరికా శరీరధర్మ శాస్త్రజ్ఞుడు హోమర్ స్మిత్ విశదపరచెను. అధికమైన ఉప్పును విసర్జించునది ప్రేవు చివరనున్న ఒక చిన్న గ్రంథియని 1960లో తెలియవచ్చినది.

ఇంత యూరియా మాంసకృత్తుల నిర్మాణమును చెడగొట్టవలెను గదా? చెడగొట్టును. దానికి విరుగుడుగా సొర ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అను మరొక పదార్థమును కూడ కండరములలో నింపుకొనును. మన కోస్తా జిల్లాలలో సొరపుట్టు వండువారికి ఈ రెండు పదార్థముల సంగతి పేర్లతో తెలియకున్నను ముక్కుతో తెలియును. చచ్చిన సొరలో సూక్ష్మజీవులు యూరియాను విరుగగొట్టి అమోనియాగా మార్చును. రెండవ పదార్థమునుండి చేపకంపు పుట్టును. సొరమాంసమును ముందుగా ఉడికించి, కడిగి, గట్టిగా పిండివేయుటలో చక్కని రసాయనశాస్త్రము ఇమిడియున్నది.

తొట్టిలోని నీటి ఉప్పదనము హఠాత్తుగా తగ్గినచో సొర ఒంటిలోనికి నీరు వేగముగా చొరబడును. అట్టి ఆకస్మిక మార్పు దానికి ప్రాణాపాయము. కావున లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పు గల నీటిని, అనగా 1.025 సాపేక్ష సాంద్రత గల నీటిని, మార్పులేకుండ నిలుపవలెను. వంట ఉప్పు కలిపినచో చాలదు. సముద్రలవణములలో సోడియం క్లోరైడు సుమారు 78 పాళ్లు మాత్రమే. తక్కినవి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు మొదలగునవి. నీరు ఆవిరియైనప్పుడు ఉప్పు ఆవిరి కాదు. 1800 లీటర్లలో 90 లీటర్లు ఇగిరిపోయినచో 35 గ్రాములు 36.8 గ్రాములగును. ఈ లోటును మంచినీటితో పూరింపవలెను గాని ఉప్పునీటితో కాదు. క్రొత్తగా ప్రారంభించువారిలో ఇది తెలియనివారు ఉప్పునీరు పోయుచు తొట్టిని ఉప్పుమడిగా మార్చుచుందురు.

1800 లీటర్లన్న సంఖ్య ఎక్కడిదని పాఠకులకు సందేహము కలుగవచ్చును. వెదురుసొర పూర్తిగా ఎదిగినచో ఒక మీటరు పొడవుండును. అది ఇబ్బంది లేకుండ తిరుగుటకు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల తొట్టియైనను ఉండవలెను. ఎత్తుకంటె వెడల్పు ముఖ్యము, ఏలయన ఇది అడుగున తిరుగు జంతువు. ఈ కొలతలతో 64 ఘనపుటడుగులు, అనగా సుమారు 1810 లీటర్లు. ఉప్పు 63 కిలోలు. నీటి బరువు 1860 కిలోలు. తొట్టి అడుగు వైశాల్యము 2.97 చదరపు మీటర్లు కనుక చదరపు మీటరునకు పడు భారము సుమారు 626 కిలోలు. నివాసగృహముల మేడగదుల నేలలను మన దేశమున సాధారణముగా చదరపు మీటరునకు 200 కిలోల భారము మోయునట్లు కట్టుదురు. గాజు, ఇసుక, బల్ల బరువు ఇంకను కలుపనే లేదు! ఇట్టి తొట్టి నేలమీదనే ఉండవలెను. మేడమీద పెట్టదలచినవారు ముందు ఇంజనీరును సంప్రదింపవలెను.

నీరు పోసిన దినముననే సొరను విడుచుట దానిని చంపుటయే. జంతువు విసర్జించిన నత్రజని పదార్థములు అమోనియాగా మారును. సముద్రజలము కొంత క్షారగుణము గలది గాన అందు అమోనియా మరింత విషము. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, వేరొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగాను మార్చును. ఈ జీవులు వడపోతలోని రాళ్లమీద, ఇసుకమీద తగినంత పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. ఆ తరువాతనే సొరకు ప్రవేశము. చివరకు మిగులు నైట్రేటును పోగొట్టుటకు అప్పుడప్పుడు కొంత నీటిని మార్చవలసినదే. మాంసాహారి కనుక సొర ఈ వ్యవస్థకు పెట్టు భారము చిన్న చేపల గుంపుకంటె ఎక్కువ.

నైట్రేటునకు మరొక దోషము కలదు. సొరలకు కూడ మనవలెనే థైరాయిడ్ గ్రంథి ఉన్నది, దానికి అయొడిన్ కావలెను. తొట్టినీటిలో అయొడైడు తగ్గిపోవును. నైట్రేటు అధికమైనచో ఉన్న దానిని కూడ గ్రంథి సరిగా గ్రహింపలేదు. అప్పుడు సొర గొంతుక్రింద వాపు బయలుదేరును. అది అచ్చముగా కొండప్రాంతముల జనులకు వచ్చు గళగండమే. మంచి అక్వేరియములలో ఆహారముతో అయొడిన్ కలిపి పెట్టుదురు. ఆహారమనగా రొయ్యలు, కణవలు, చేపముక్కలు. రోజూ కడుపునిండ పెట్టవలసిన పని లేదు. పెద్ద సొరకు వారమునకు రెండు మూడుమార్లు చాలును. ఒకే రకపు నిలువచేపను ఎల్లప్పుడు పెట్టుట మంచిది కాదు. కొన్ని చేపలలో బి1 విటమినును నశింపజేయు ఎంజైము ఉన్నది.

సొరకు మనకు లేని ఇంద్రియము ఒకటి ఉన్నది. ముట్టె చుట్టును కనిపించు సన్నని రంధ్రములను 1678లో ఇటలీ దేశీయుడు స్టెఫానో లోరెంజీని వర్ణించెను. అవి విద్యుత్తును పసిగట్టు సాధనములని తెలియుటకు సుమారు మూడువందల ఏండ్లు పట్టినది. సెంటీమీటరునకు వోల్టులో ఇరువదికోట్లవ వంతు క్షేత్రమును కూడ సొర గుర్తించును. లెక్కకు చెప్పవలెనన్న, 1.5 వోల్టుల టార్చి బ్యాటరీ రెండు కొనలను 3000 కిలోమీటర్ల ఎడముగా ఉంచినచో కలుగునంతటి స్వల్పమైన క్షేత్రమది. ఇసుకలో దాగిన పీత గుండెకొట్టుకొనుట దీనివలననే తెలియును. పగిలిన తీగగల పంపునుండి నీటిలోనికి జారు విద్యుత్తు అట్టి జంతువునకు ఎంతటి బాధయో ఊహింపవచ్చును. లోహపు వస్తువులు నీటిలో ఉండరాదు. చేపల వ్యాధులకు వాడుకలోనున్న రాగి మందులు సొరకు విషము.

కడమ జాగ్రత్తలు కొద్దిగా చెప్పిన చాలును. ఇసుక మెత్తనిదై ఉండవలెను, గరుకు ఇసుక పొట్టను గీరును. రాళ్లను ఇసుకమీద గాక తొట్టి అడుగుననే నిలుపవలెను. సొర ఇసుకను త్రవ్వినప్పుడు కూలినచో దానిమీదనే పడును. నీటిని వేడిచేయు గొట్టమునకు జాలి తొడుగు ఉండవలెను. రాత్రి తిరుగు జంతువు కనుక వెలుతురు మందముగా ఉండవలెను. మూతలేని తొట్టినుండి సొర బయటికి దూకగలదు. తోడుగా విడిచిన చిన్నచేపలు, పీతలు కొన్నాళ్లలో కనిపించకపోవును. అవి ఎక్కడికి పోయినవో వేరుగా చెప్పనక్కరలేదు.

అసలు చిక్కు కాలముతో వచ్చును. గ్రుడ్డునుండి వచ్చిన పిల్ల 15 సెంటీమీటర్లు ఉండును. దుకాణమున చూచువానికి అది ఎల్లప్పుడు అంతే ఉండునన్న భ్రమ కలుగును. చిన్నతొట్టిలో పెట్టినచో చేప చిన్నదిగనే ఉండునను నమ్మకము శుద్ధ అపోహ. పెరుగుదల కుంటుపడిన జంతువు రోగియే గాని పొట్టిది కాదు. బాగుగా చూచినచో వెదురుసొర ఇరువది ఏండ్లకు పైగా బ్రతుకగలదు. హైస్కూలు విద్యార్థి కొన్న సొర అతని పిల్లలు బడికి పోవునాటికిని ఉండవచ్చును. పెరిగిన సొరను ప్రదర్శనశాలలు తీసికొనుట అరుదు. సముద్రమున విడిచిపెట్టుట అంతకంటె తప్పు. ఒక తీరపు రోగములు మరొక తీరమునకు ప్రాకును. ఈ జాతిని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము ప్రమాదమునకు చేరువలో నున్న జాతులలో చేర్చినది. పాఠశాలకు సొరను కొనుటకంటె మంచినీటి తొట్టిలో నత్రజని చక్రమును చూపుట మేలు. ఇంటిలో పెంచదలచినవారు ఉప్పునీటి చిన్నచేపలతో కొన్ని ఏండ్లు గడిపిన పిమ్మట పెద్దతొట్టి సిద్ధమైనప్పుడే దీనిని తలపెట్టవలెను.

అట్టి అనుభవము గలవారికి లభించు ఫలము మాత్రము అపురూపమైనది, అది సొర గ్రుడ్డు. తోలుసంచివలె నుండి అరచేతిలో ఇముడును. వెనుకనుండి దీపము చూపినచో పచ్చసొన, దానిని అంటియున్న పిండము, దాని తోక అల్లాడుట అన్నియు కనిపించును. పొదుగుటకు నీటి వేడిని బట్టి నాలుగైదు నెలలు పట్టును. ఆ పిండము కూడ విద్యుత్తును గ్రహించును. శత్రువు సమీపించినట్లు తోచు క్షేత్రమును కలిగించినప్పుడు పిండము మొప్పల కదలికను సయితము ఆపి నిశ్చలమగునని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిరి.

మగతోడు లేని ఆడసొర పెట్టు గ్రుడ్లు వట్టివని తలచుట సహజము. అది ఎల్లప్పుడు నిజము కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియమున ఒక వెదురుసొర, మగదానిని చూచి 45 నెలలు గడచిన పిమ్మట పెట్టిన గ్రుడ్డు 2012లో పొదిగినది. అంతకాలమును వీర్యము దాని దేహమున నిలువయుండెను. 2002లో డెట్రాయిట్ నగరపు అక్వేరియమున దీని సోదరజాతి సొర గ్రుడ్లనుండి అసలు తండ్రియే లేని పిల్లలు పుట్టినవి. జన్యుపరీక్ష వలన అది తరువాత రుజువైనది. అందుచేత ఎరిగినవారు ఒంటరి సొర పెట్టిన గ్రుడ్లను వెంటనే పారవేయరు. కొన్ని వారములు తొట్టిలోనే ఉంచి, టార్చిదీపమునకు ఎదురుగా పట్టి, లోపల కదలిక లేదని చూచుకొనిన పిమ్మటనే తీసివేయుదురు.